గడ్డకట్టినా ఆగని రసాయన చర్య

చల్లదనం రసాయన చర్యలను నెమ్మదింపజేస్తుందని మనకు వంటింట్లోనే తెలుసు. రాత్రి మిగిలిన కూరను ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికీ పనికొస్తుంది, బయట వదిలేస్తే పాడవుతుంది. ఈ లెక్కను చివరంటా సాగిస్తే, మైనస్ 263 డిగ్రీల సెల్సియస్ దగ్గర అణువులు ఒకదానితో ఒకటి కలిసి కొత్తవి పుట్టడమే జరగకూడదు. నక్షత్రాల మధ్య పరుచుకున్న దట్టమైన మేఘాల్లో చలి అంత తీవ్రంగానే ఉంటుంది. అయినా నక్షత్రాల మధ్య, వాటి చుట్టూ ఉన్న అంతరిక్షంలో ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పటికి 300కు పైగా రకాల అణువులను గుర్తించారు. వాటిలో మన శానిటైజర్లలో వాడే ఇథనాల్ ఉంది, వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం ఉంది, చక్కెరల నిర్మాణానికి తొలిమెట్టు అనదగ్గ గ్లైకాలాల్డిహైడ్ ఉంది. ఇవన్నీ ఎక్కడ, ఎలా తయారయ్యాయి? గత యాభై ఏళ్లలో ప్రయోగశాలల నుంచి వచ్చిన జవాబుల్లో బలమైనది ఇది: ధూళి రేణువుల మీద పేరుకున్న పలుచని మంచు పొరల్లో, రేడియేషన్ దెబ్బకు. ఈ జవాబును ఒప్పుకుంటే మరో మాట కూడా ఒప్పుకోవాలి. కార్బన్‌తో కూడిన సంక్లిష్ట అణువులు గాని, ఆక్సిజన్ గాని ఫలానా గ్రహం మీద కనిపించాయన్న వార్త దానంతటదే జీవానికి సాక్ష్యం కాదు. మంచూ రేడియేషనూ కలిసి అంత పనీ చేయగలవు.

ఆ మంచు గురించి ముందు తెలుసుకోవాలి. మిల్లీమీటరులో పదివేలో వంతు ఉండే ఇసుక, మసి రేణువులను ఊహించండి. మేఘంలో తిరిగే హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు వాటి మీద వాలి, అక్కడే కలిసి నీరవుతాయి, పుట్టిన చోటే గడ్డకడతాయి. తర్వాత మేఘంలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా వచ్చి అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, అమ్మోనియా, మిథనాల్ కూడా ఈ పొరలో చేరతాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కమీలియన్ అనే దక్షిణాకాశ రాశిలోని ఒక చీకటి మేఘంలోకి చూసి, వెనకనున్న నక్షత్రాల పరారుణ కాంతిలో ఏ రంగులు తగ్గాయో కొలిచి, ఈ మంచుల్లో చాలావాటిని ఒక్కచోటే నమోదు చేసింది. ఆ పొర మందం మహా అయితే కొన్ని వందల అణువులంత ఉంటుంది. ఇది మన నదుల మీద, కొండల మీద కనిపించే స్ఫటిక మంచు కూడా కాదు. అణువులు పడినవి పడినచోటే ఆగిపోవడంతో లోపల ఖాళీలతో, ఏ వరుసా లేకుండా ఏర్పడ్డ మంచు.

ఇక శక్తి సంగతి. అణువుల లోకంలో శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. మైనస్ 263 డిగ్రీల దగ్గర వేడి వల్ల ఒక అణువుకు దక్కే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యో వంతు కూడా ఉండదు. నీటి అణువులో ఆక్సిజన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను విడదీయాలంటే ఐదు ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావాలి. వేడి మీద ఆధారపడితే విశ్వం ఆయుష్షంతా వేచి ఉన్నా ఆ బంధం తెగదు. కానీ హైడ్రోజన్ నుంచి వెలువడే అతినీలలోహిత కాంతి కణం ఒక్కోటి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు మోసుకొస్తుంది. అక్కడి వేడిశక్తితో పోలిస్తే ఇది పదివేల రెట్లకు మించినది. ఇలాంటి కాంతి కణం తగిలిన అణువుకు తన చుట్టూ ఎంత చలి ఉందన్నది లెక్కలోకే రాదు. దట్టమైన మేఘం లోపలికి నక్షత్రకాంతి చొరబడదు కదా, అక్కడ ఆ కాంతి ఎక్కడిది అన్న ప్రశ్నకు 1983లో ప్రసాద్, తరఫ్‌దార్ అనే శాస్త్రవేత్తలు జవాబిచ్చారు. ఏ మేఘాన్నైనా దూసుకుపోగల కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో మహావేగంతో తిరిగే ప్రోటాన్ల వంటి కణాలు, లోపలి హైడ్రోజన్ అణువులను ఉత్తేజపరుస్తాయి, అవి తిరిగి శాంతిస్తూ అక్కడికక్కడే అతినీలలోహిత కాంతిని వెలువరిస్తాయి. చీకటి మేఘానికి సొంత వెలుగు ఉందన్నమాట. అది చాలా మందమైన వెలుగు. కానీ మేఘానికి కావలసినంత కాలం ఉంది.

కాస్మిక్ కిరణం నేరుగా మంచును తాకితే జరిగేది ఇంకా ఆసక్తికరం. వేగంగా దూసుకొచ్చిన ప్రోటాన్ తన దారి పొడవునా ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ పోతుంది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మంచులో ఇంకితే ఇలాంటి ద్వితీయ ఎలక్ట్రాన్లు పదివేల సంఖ్యలో పుడతాయి, వాటిలో అత్యధికం 20 ఎలక్ట్రాన్ వోల్టుల లోపువే. రేడియేషన్ అనగానే మన దృష్టి ఆ మొదటి మహావేగపు కణం మీదికే పోతుంది గాని, రసాయన మార్పులో పెద్ద వాటా ఈ నెమ్మది ఎలక్ట్రాన్లదే. వీటికి కాంతికి లేని ఒక మార్గం ఉంది. అణువును అయనీకరించే శక్తి లేని ఎలక్ట్రాన్ కూడా ఆ అణువుకు అంటుకుని, దాన్ని క్షణకాలం రుణావేశ స్థితిలోకి తోసి, రెండు ముక్కలు చేయగలదు. 2000లో కెనడాలోని షెర్బ్రూక్ విశ్వవిద్యాలయంలో లియోన్ సాన్‌ష్ బృందం 3 నుంచి 20 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు డీఎన్ఏ పోగులను సైతం తెంచగలవని చూపించింది. క్యాన్సర్ రోగికి ఇచ్చే రేడియేషన్ చికిత్సలోనూ, నక్షత్రాల మధ్య మంచులోనూ పనిచేసే భౌతిక సూత్రం ఒకటే కావడం ఈ రంగానికి అదనపు బలం. ఒకచోట నేర్చుకున్నది రెండోచోట పనికొస్తుంది.

తెగిన తర్వాత ఏమవుతుందో మిథనాల్‌తో చూద్దాం, ఎందుకంటే ఈ మొత్తం కథలో దానిది కీలక పాత్ర. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, నాలుగు హైడ్రోజన్లు ఉన్న చిన్న అణువు అది. రేడియేషన్ తగిలితే ఒక హైడ్రోజన్ ఊడిపోతుంది. తేలికైన హైడ్రోజన్ మంచు సందుల్లోంచి జారిపోతుంది, మిగిలిన ముక్క, అంటే ఫ్రీ రాడికల్, అక్కడే ఇరుక్కుంటుంది. మన ఒంట్లో అయితే ఫ్రీ రాడికల్ క్షణంలో దేనితోనో కలిసిపోతుంది. మంచులో దానికి కదిలే వీలు లేదు కాబట్టి ఎదురుచూస్తుంది. పక్కనే ఇంకో ముక్క పుడితేనో, మేఘం కుంచించుకుని లోపల నక్షత్రం రూపుదిద్దుకుంటూ మంచు కొన్ని డిగ్రీలు వేడెక్కితేనో కదలిక వస్తుంది. అలాంటి రెండు ముక్కలు కార్బన్ వైపు నుంచి అతుక్కుంటే ఇథిలీన్ గ్లైకాల్ పుడుతుంది, మన కార్ల రేడియేటర్లలో పోసే కూలెంట్ ఇదే. ఆ ముక్క కార్బన్ మోనాక్సైడ్ నుంచి పుట్టిన మరో ముక్కతో కలిస్తే గ్లైకాలాల్డిహైడ్. 2012లో చిలీలోని ఆల్మా టెలిస్కోప్ ఈ గ్లైకాలాల్డిహైడ్‌ను 400 కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో, సూర్యుడి లాంటి ఒక పసి నక్షత్రం చుట్టూ వాయువులో పసిగట్టింది. చలి ఇక్కడ అడ్డంకి కాలేదు. తునిగిన ముక్కలను చెదిరిపోకుండా పట్టి ఉంచడంలో అది సాయపడింది.

ఇదంతా ఊహ కాదని నిరూపించాలంటే ఆ మేఘాన్ని భూమి మీద తయారుచేయాలి. ప్రయోగశాలల్లో చేసేది అదే. ఉక్కు గదిలోంచి గాలిని తోడేసి, పీడనాన్ని మన వాతావరణ పీడనంలో పది లక్షల కోట్ల వంతుల్లో ఒక వంతు దాకా దించుతారు. లోపల ఒక చిన్న లోహపు పలకనో, ఉప్పు స్ఫటికపు కిటికీనో హీలియం యంత్రంతో మైనస్ 260 డిగ్రీల ప్రాంతానికి చల్లబరుస్తారు. దాని మీదికి నీటి ఆవిరిని, మిథనాల్‌ను, అమ్మోనియాను కొద్దికొద్దిగా వదిలితే తాకినవి తాకినట్టే గడ్డకడతాయి. ఆ పొర మీదికి అతినీలలోహిత దీపాన్నో, ఎలక్ట్రాన్ల ధారనో వదులుతారు. పరారుణ కాంతితో చూస్తుంటే పాత అణువుల గుర్తులు తగ్గి కొత్తవి పెరగడం అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఆ తర్వాత మెల్లగా వేడి పెంచుతారు. కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 240 డిగ్రీలు దాటుతుండగానే లేచిపోతుంది, నీరు మైనస్ 120 ప్రాంతంలో లేస్తుంది. ఏది ఎప్పుడు లేచిందో, దాని బరువెంతో కొలిస్తే ఎవరు ఎవరో తేలుతుంది. అన్నీ ఎగిరిపోయాక కూడా గది ఉష్ణోగ్రత దగ్గర ఒక పసుపు రంగు జిడ్డు మిగులుతుంది. 1970లలో హాలండ్‌లోని లైడెన్‌లో మేయో గ్రీన్‌బర్గ్ ఈ తరహా ప్రయోగాలకు ఒక ప్రయోగశాలనే నెలకొల్పి, ఆ జిడ్డు మీద దశాబ్దాలపాటు పనిచేశారు.

2002 మార్చిలో ఆ జిడ్డు ప్రపంచ వార్త అయింది. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రానికి చెందిన మ్యాక్స్ బర్న్‌స్టీన్ బృందం, ఐరోపాకు చెందిన మున్యోజ్ కారో బృందం విడివిడిగా చేసిన ప్రయోగాలు ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. మొదటివారికి గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలు దొరికాయి, రెండోవారికి 16 రకాలు. మన మాంసకృత్తులు అల్లుకునేది అమైనో ఆమ్లాలతోనే. 2016లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు అలాంటి మంచులోంచే రైబోజ్‌ను కూడా రాబట్టారు, ఆర్ఎన్ఏకు వెన్నెముకగా నిలిచే చక్కెర అది. 1953లో స్టాన్లీ మిల్లర్ నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ కలిసిన మిశ్రమంలో మెరుపులు సృష్టించి అమైనో ఆమ్లాలు తెచ్చినప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన చిత్రం వెచ్చని నీరు, వాతావరణం, పిడుగు. మంచు ప్రయోగాల్లో వాతావరణం లేదు, ద్రవరూపంలో నీరు లేదు, గ్రహమే లేదు.

దీనికి అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి. 2002 ప్రయోగాల్లో అమైనో ఆమ్లాలు కనిపించింది జిడ్డును గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించాక. అంటే మంచులో పుట్టినవి చాలావరకు అమైనో ఆమ్లాలు కావు, నీటితో చర్య జరిపితే అమైనో ఆమ్లాలుగా విడివడే పెద్ద అణువులు. ఇది న్యాయమైన సవరణ, మంచు ప్రయోగాల గురించి రాసేవారు దీన్ని దాచకూడదు. కానీ దీనివల్ల వాదం కూలిపోదు. గ్రహశకలంలో మంచు కరిగినప్పుడో, గ్రహం మీద పడ్డాకో ఆ నీరు తర్వాతైనా దొరుకుతుంది, కష్టమైన పనంతా, అంటే కార్బన్‌ను నైట్రోజన్‌తోనూ కార్బన్‌తోనూ ముడివేయడం, మంచులోనే అయిపోయింది. పైగా రోసెట్టా అంతరిక్ష నౌక 67పి అనే తోకచుక్క చుట్టూ ఉన్న వాయువులో గ్లైసిన్‌ను నేరుగా కొలిచిందని 2016లో ప్రకటించారు, అక్కడ ఆమ్లంలో ఉడికించిన వారెవరూ లేరు. చేతి చెమట నుంచో పాత్రల నుంచో అమైనో ఆమ్లాలు కలిసి ఉంటాయన్న అనుమానాన్ని మున్యోజ్ కారో బృందం బరువైన కార్బన్ వాడి తీర్చింది. భూమి మీది మలినమైతే అందులో మామూలు కార్బన్ ఉండాలి, దొరికినవాటిలో ఉన్నది ప్రయోగంలో వేసిన బరువైన కార్బనే.

కాలం గురించిన అభ్యంతరం మరింత లోతైనది. మేఘంలో ఒక చదరపు సెంటీమీటరు మీద సెకనుకు దాదాపు పదివేల అతినీలలోహిత కణాలు పడతాయి. ప్రయోగశాల దీపం కింద కోటి కోట్లు పడతాయి. ఇది వెయ్యి కోట్ల రెట్ల తేడా. ఒక్క గంట ప్రయోగం మేఘంలో పది లక్షల సంవత్సరాలకు పైగా కాలంతో సమానం. ఇంత తొందరపెడితే ప్రకృతిలో జరగనిది కూడా జరగదా? ముక్కలు స్వేచ్ఛగా తిరిగే ద్రవంలోనో వాయువులోనో అయితే ఈ భయం నిజమే. మంచులో ముక్కలు పుట్టిన చోటే బందీలై ఉండటం వల్ల మొత్తం ఎంత శక్తి ఇంకిందన్నదే ముఖ్యం, అది ఎంత వేగంగా ఇంకిందన్నది చాలావరకు తక్కువ ప్రాధాన్యం ఉన్న విషయం. దీపం తీవ్రతను పెంచి తగ్గించి దీన్ని పరీక్షించవచ్చు, పరీక్షిస్తున్నారు కూడా. అయినా పది లక్షల ఏళ్లలో ఏ రాడికల్ ఎంత దూరం నిదానంగా జరుగుతుందో గంటలో తేలదు. ప్రయోగంలో వచ్చిన పరిమాణాలను యథాతథంగా మేఘానికి అంటగట్టకూడదు. ఏవి పుట్టగలవన్న జాబితాను నమ్మవచ్చు, ఎంతెంత పుడతాయన్న అంకెలను మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి.

అసలు రేడియేషన్ అవసరమే లేదనే వారూ ఉన్నారు. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో వతనాబే, కొవుచి 2002లోనే చూపించినట్టు, చల్లని మంచు మీద కార్బన్ మోనాక్సైడ్‌కు ఒక్కో హైడ్రోజన్ పరమాణువు చేరుతూ పోతే ఫార్మాల్డిహైడ్, ఆపైన మిథనాల్ తయారవుతాయి. హైడ్రోజన్ చాలా తేలిక కాబట్టి, శక్తి చాలకపోయినా క్వాంటం సూత్రాల ప్రకారం అడ్డుగోడ గుండా దూరిపోగలదు. ఇది కాదనలేని ఫలితం. మేఘాల్లోని మిథనాల్‌లో అధికభాగం ఇలాగే పుట్టిందని నేనూ నమ్ముతాను. కానీ ఈ దారి ఇచ్చేది ప్రధానంగా చిన్న అణువులనే. వాటిని కోసి పెద్దవాటిగా అతకడానికి, ముఖ్యంగా మంచు లోపలి పొరల్లో, రేడియేషన్ కావాలి. పెద్ద అణువులు మంచు ఆవిరయ్యాక వాయువులోనే పుట్టి ఉండవచ్చు కదా అన్న వాదానికి జేమ్స్ వెబ్ 2024లో కొంత సమాధానమిచ్చింది. రెండు పసి నక్షత్రాల చుట్టూ ఇంకా గడ్డకట్టి ఉన్న మంచులోనే ఇథనాల్, దాంతోపాటు ఎసిటిక్ ఆమ్లం కావచ్చనదగ్గ గుర్తులు కనిపించాయి. ఆవిరయ్యే ముందే అవి అక్కడ ఉన్నాయి.

రేడియేషన్ నాశనమే చేస్తుంది గదా అన్న మాట మన మనసుల్లో బలంగా నాటుకుంది. అది నిజం కూడా. కట్టిన అణువును అదే కిరణం మళ్లీ కొడుతుంది. అందుకే ప్రయోగాల్లో కొత్త అణువుల పరిమాణం కొంతదాకా పెరిగి ఆగిపోతుంది, కట్టడమూ కూల్చడమూ సమానమయ్యే స్థాయి అది. బృహస్పతి ఉపగ్రహం యూరోపా దీన్ని చూడటానికి సరైన చోటు. మైనస్ 170 డిగ్రీల ప్రాంతంలో ఉండే ఆ మంచు మీద బృహస్పతి అయస్కాంత క్షేత్రంలో చిక్కిన ఎలక్ట్రాన్లు, అయాన్లు ఎడతెగకుండా పడుతుంటాయి. రక్షణ లేని మనిషికి అక్కడ ఒక్కరోజు కూడా ప్రాణాంతకం. 2018లో వచ్చిన లెక్కల ప్రకారం, అత్యధికంగా దెబ్బతినే మధ్యరేఖ ప్రాంతంలో అమైనో ఆమ్లాలు మిగలాలంటే 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున ఉండాలి, ధ్రువాల వైపు అయితే సెంటీమీటరు చాలు. నాశనానికి కూడా లోతు అనే హద్దు ఉందన్నమాట.

పైపొరలో ఆ రేడియేషన్ కడుతున్నదేమిటో చూడండి. గెలీలియో నౌక పరికరాలతో 1999లో యూరోపా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుర్తించారు, మనం గాయాలు కడిగే మందు అదే. బృహస్పతి మరో ఉపగ్రహం గ్యానిమీడ్ మంచులో ఆక్సిజన్, ఓజోన్ గుర్తులు 1990లలోనే దొరికాయి. 2022లో జూనో నౌక యూరోపాకు 353 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి తీసుకున్న కొలతల నుంచి, అక్కడి మంచు సెకనుకు సుమారు 12 కిలోల ఆక్సిజన్‌ను పుట్టిస్తోందని తేల్చారు. రోజుకు వెయ్యి టన్నులు. ఒక్క ఆకు లేదు, ఒక్క నాచు పోగు లేదు. నీటి అణువు విరుగుతుంది, తేలికైన హైడ్రోజన్ తప్పించుకుపోతుంది, ఆక్సిజన్ మిగులుతుంది. ఆక్సిజన్ కనిపిస్తే జీవం ఉన్నట్టే అనే సులువు సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఖండన అక్కర్లేదు. తెలుగువారికి ఇంటిపేరు చూడగానే పరిచయంగా తోచే గుడిపాటి మూర్తి, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఇలాంటి మంచుల మీద పనిచేసే శాస్త్రవేత్త. 2020లో ఆయన బృందం ఉప్పు కలిసిన మంచు మీదికి శక్తిమంతమైన ఎలక్ట్రాన్లను పంపితే ఆ మంచు మెరిసింది, ఏ ఉప్పు కలిసిందన్న దాన్నిబట్టి మెరుపు తీవ్రత మారింది. యూరోపా చీకటివైపు నుంచి వచ్చే వెలుగును చదివి, మంచు కింద ఉందని భావిస్తున్న సముద్రపు ఉప్పులను గుర్తించే అవకాశం దీనివల్ల కలిగింది.

మరి మంచు కట్టిన అణువునూ, జీవి కట్టిన అణువునూ వేరుచేసే దారి ఏది? అమైనో ఆమ్లాల్లో చాలావాటికి రెండు రూపాలుంటాయి, కుడి చెయ్యి, ఎడమ చెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. భూమి మీది జీవులు మాంసకృత్తులకు దాదాపుగా ఎడమ రూపాన్నే వాడతాయి. మంచుకు ఆ పక్షపాతం లేదు. 2023 సెప్టెంబరులో భూమికి చేరిన బెన్నూ గ్రహశకలపు 121.6 గ్రాముల మట్టిలో మాంసకృత్తులకు పనికొచ్చే 20 అమైనో ఆమ్లాల్లో 14, జన్యుపదార్థపు ఐదు క్షారాలూ ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఆ అమైనో ఆమ్లాల్లో కుడి, ఎడమ రూపాలు దాదాపు సమానంగా ఉన్నాయి. బెన్నూ మాతృశకలంలో ఒకప్పుడు ఉప్పునీరు కూడా పారింది కాబట్టి ఆ కూర్పులో నీటికీ వాటా ఉంది, మొత్తం గొప్పతనం మంచుకే ఇవ్వడం సరికాదు. కానీ జీవం లేకుండా ఇంత దూరం రావచ్చన్నది అక్కడ రుజువైంది. ఈ కుడి ఎడమల పరీక్షకూ మినహాయింపు ఉంది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో, మన జీవులు మాంసకృత్తుల్లో వాడని ఐసోవాలిన్ అనే అమైనో ఆమ్లంలో ఎడమ రూపం ఎక్కువగా దొరికింది. కొద్దిపాటి మొగ్గును చూసి జీవం అనలేం, దాదాపు పూర్తిగా ఒకవైపే ఉంటే అనుమానించవచ్చు.

ఈ పరిశోధన మన దేశంలోనూ సాగుతోంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో అంతరిక్ష మంచులను తయారుచేసి పరీక్షించే బృందం ఉంది. ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం 2019లో, అంతరిక్షపు శూన్యం లాంటి స్థితిలోనూ నీటి అణువులు పంజరాలుగా ఏర్పడి మైనస్ 243 డిగ్రీల దగ్గర మీథేన్‌ను, మైనస్ 263 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను బంధించగలవని చూపించింది. కాగితం మీద అసాధ్యంగా కనిపించిన ఫలితమది. మన విశ్వవిద్యాలయాల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే పిల్లలకు ఇందులో చేయాల్సిన పని చాలా ఉంది.

2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ అనే నాసా నౌక 2030 ఏప్రిల్‌లో బృహస్పతిని చేరుతుంది. అది యూరోపా మీద దిగదు, దగ్గరగా సుమారు 50 సార్లు ఎగురుతూ, పైకెగసిన మంచు ధూళినీ వాయువులనూ తూకం వేస్తుంది. దాని పరికరాలు అణువుల బరువును చెప్పగలవు గాని కుడి, ఎడమ రూపాలను వేరుచేయలేవు. కాబట్టి అప్పుడు “యూరోపాలో జీవాణువులు” అనే శీర్షికలు కనిపిస్తే, ఆ అణువు ఎంత లోతు నుంచి వచ్చింది, కుడి ఎడమల లెక్క ఎవరైనా తీశారా అని పాఠకులు అడగాలి. ఆ రెంటికీ జవాబు వచ్చేదాకా దాన్ని మంచు రసాయనం ఖాతాలోనే రాసుకోవాలి.